25.8 సెంటీమీటర్లు రెక్కలా, కాళ్ళా? హోలోరూసియా మికాడో కొలతలు, శరీర లక్షణాలు

తడిఆకు:
"ప్రపంచంలోకెల్లా పెద్ద దోమ" అంటూ చైనా పురుగు ఫొటో మళ్ళీ తిరుగుతోంది. అది దోమ కాదు, హోలోరూసియా మికాడో అనే క్రేన్‌ఫ్లై (పొడుగు కాళ్ళతో దోమను పోలి ఉండే ఈగ జాతి పురుగు) అన్నంత వరకు తెలుసు. నా సందేహం కొలత దగ్గర. ఒకచోట రెక్కల విస్తారం 11 సెంటీమీటర్లని ఉంది, ఇంకోచోట అదే పురుగుకు 25.8 అని రాశారు. రెండూ నిజం కావడం ఎలా? దోమకూ దీనికీ తేడాను చేతిలో పట్టుకుని, భూతద్దంతో తేల్చుకోవాలంటే ఏం చూడాలి? పాఠశాల సైన్సు క్లబ్బు పిల్లలకు చూపించే చార్టు కోసం అడుగుతున్నాను, అంకెలు తప్పు పోకూడదు.

కొలబద్ద:
రెండు అంకెలూ నిజమేనండీ, కొలిచిన చోట్లు వేరు. చెంగ్డూ దగ్గరి చింగ్‌చెంగ్ కొండ మీద 2017 ఆగస్టులో దొరికిన పురుగు అది. పశ్చిమ చైనా కీటక మ్యూజియం 2018లో వివరాలు బయటపెట్టింది. రెక్కల విస్తారం 11.15 సెం.మీ. 25.8 అనేది కాళ్ళు బారచాపి పెట్టినప్పుడు ముందుకాలి కొస నుంచి వెనక కాలి కొస దాకా ఉన్న దూరం. వార్తలు చేతులు మారే కొద్దీ "కాళ్ళ" పోయి "రెక్కల" వచ్చి చేరింది.

లెక్క వేసి చూసినా పట్టుబడుతుంది. 11.15 సెం.మీ. అంటే 111.5 మి.మీ. మధ్యలో వక్షం వెడల్పుకు ఓ 5 మి.మీ. తీసేస్తే ఒక్కో రెక్క 53 మి.మీ. దాకా వస్తుంది. ఈ జాతి మామూలుగా 8 సెం.మీ. విస్తారం ఉంటుంది, అంటే ఒక్కో రెక్క 37, 38 మి.మీ. చింగ్‌చెంగ్ పురుగు అసాధారణంగా పెద్దదే, కానీ నమ్మదగ్గ హద్దులోనే ఉంది. అదే 25.8 రెక్కలదైతే ఒక్కో రెక్క 126 మి.మీ. ఉండాలి. మామూలు దానికి మూడు రెట్లకు పైనే. ఒకే జాతిలో అంత తేడా ఉండదు.

చార్టు మీద "రెక్కల విస్తారం సుమారు 8 సెం.మీ., నమోదైన పెద్దది 11.15 సెం.మీ." అని రాయండి. కాళ్ళ అంకె వేయాలనుకుంటే పక్కన "కాళ్ళు చాచినప్పుడు" అన్న మాట తప్పకుండా ఉండాలి.

జంటరెక్క:
దోమకూ దీనికీ తేడా గురించి. పరిమాణం చూసి నిర్ణయించవద్దు. చిన్న క్రేన్‌ఫ్లైలు కొన్ని దోమంతే ఉంటాయి. 10 రెట్ల భూతద్దం చాలు, ఈ వరసలో చూడండి.

మొదట వీపు. వక్షం పైభాగాన ఇంగ్లీషు వి అక్షరం ఆకారంలో ఒక గాడి కనిపిస్తుంది. వి మొన తోక వైపు ఉంటుంది. ఇది కనపడితే సగం పని అయినట్టే, దోమకు ఇలాంటి గాడి ఉండదు. మికాడో లాంటి పెద్దవాటిలో పక్క నుంచి వెలుతురు పడితే భూతద్దం లేకుండానే తెలుస్తుంది. నడినెత్తిన ఫ్లాష్ కొడితే మాత్రం గాడి నీడ చెరిగిపోతుంది. ఫొటోల్లో ఈ గుర్తు కనపడకపోవడానికి చాలాసార్లు ఇదే కారణం.

తర్వాత నోరు. దోమకు సూదిలాంటి పొడవాటి తొండం. క్రేన్‌ఫ్లైకి తల ముందుకు సాగి మూతిలా ఉంటుంది కానీ గుచ్చే సూదులు ఉండవు. మూతి కింద నాలుగు ఖండాల పాల్ప్‌లు (వేళ్ళలాంటి చిన్న నోటి అవయవాలు) వేలాడతాయి. మికాడో చేరిన టిపులిడే కుటుంబంలో చివరి ఖండం కొరడాలా సాగి, మిగతా మూడూ కలిపినంత కంటే పొడుగ్గా ఉంటుంది. దగ్గరి కుటుంబమైన లిమోనిడే నుంచి వేరు చేయడానికి ఇది పనికొస్తుంది. స్పర్శశృంగాల (తల మీది మీసాల) ఖండాలు కూడా లెక్కపెట్టండి: టిపులిడేలో సాధారణంగా 13 ఖండాలు, లిమోనిడేలో 14 నుంచి 16.

మూడోది రెక్క. దోమ రెక్క ఈనెల మీద, అంచు మీద పొలుసులు ఉంటాయి. వేలితో రాస్తే పొడిలా అంటుతాయి. క్రేన్‌ఫ్లై రెక్క గాజు కాగితంలా ఉంటుంది.

రెక్కల వెనక పుల్లకు గుండు గుచ్చినట్టుండే రెండు హాల్టర్లు ఉంటాయి. ఇవి దోమకూ ఉంటాయి కాబట్టి తేడా చెప్పవు. ఈగ జాతుల్లో వెనక రెక్కలు రూపు మారి ఇలా అయ్యాయి. ఎగిరేటప్పుడు ముందు రెక్కలకు ఎదురు లయలో ఊగుతూ ఒరుగుడును పసిగడతాయి. పిల్లలకు హాల్టర్ చూపించాలంటే మాత్రం క్రేన్‌ఫ్లైని మించిన పురుగు లేదు. ఇంటి ఈగకు వాటి మీద తెర లాంటి పొర కప్పి ఉంటుంది, దీనికి బయటికే ఉంటాయి.

మబ్బుకొండ:
జంటరెక్క గారూ, నడినెత్తిన మూడు చుక్కల కళ్ళు (ఒసెల్లై) లేకపోవడం కూడా రాయాలి కదా?

జంటరెక్క:
ఉపయోగపడుతుంది, దోమ విషయంలో కాదు. దోమకూ ఒసెల్లై లేవు. చలికాలపు క్రేన్‌ఫ్లైలు అనే ట్రైకోసెరిడే కుటుంబానికి ఉంటాయి. వాటికీ వీపు మీద వి గాడి ఉంటుంది కాబట్టి, వాటి నుంచి టిపులిడేని వేరు చేయాల్సి వచ్చినప్పుడు నెత్తి చూడాలి.

తడిఆకు:
రెక్క ఈనెలను లెక్కపెట్టడం ఒక పద్ధతని చదివాను. ఎక్కడ మొదలుపెట్టాలో అర్థం కాలేదు.

జంటరెక్క:
అన్నీ లెక్కపెట్టాల్సిన పని లేదు. వెనక అంచుకు, ఒంటికి దగ్గరగా ఉండే ఏనల్ ఈనెలు మాత్రం చూడండి. క్రేన్‌ఫ్లైలో ఇవి రెండు, రెండూ రెక్క అంచు దాకా వెళ్ళి తాకుతాయి. దోమలో ఒక్కటే అంచును తాకుతుంది. టైకోప్టెరిడే అని, చూడ్డానికి క్రేన్‌ఫ్లైలానే ఉండే ఇంకో కుటుంబం ఉంది, వాటిలోనూ ఒక్కటే.

పొరపాటు జరిగేది రెక్క మడత దగ్గర. ఎండిన నమూనాలో రెక్క మొదలు భాగం ముడుచుకుని రెండో ఏనల్ ఈనె కిందికి పోతుంది. అప్పుడు ఒక్కటే ఉందనిపిస్తుంది. రెక్కను తెల్ల కాగితం మీద పరిచి, కింద నుంచి వెలుతురు వచ్చేలా పెట్టి చూడండి. మొబైల్ టార్చి మీద ట్రేసింగ్ పేపరు వేస్తే సరిపోతుంది.

పసిఫిక్‌గట్టు:
కాలిఫోర్నియా వైపు ఉన్న తెలుగువాళ్ళకు హోలోరూసియా ప్రజాతిని (దగ్గరి జాతుల గుంపును) చూడాలంటే చైనా దాకా వెళ్ళక్కర్లేదు. అమెరికా పడమటి తీరంలో హోలోరూసియా హెస్పెరా ఉంది. రెక్కల విస్తారం 7 సెం.మీ. దాకా వస్తుంది. తుప్పు రంగు ఒళ్ళు, వక్షం పక్కల్లో తెల్లటి పట్టీలు. ఈ తెల్ల పట్టీలను దూరం నుంచే గుర్తుపట్టవచ్చు. పాత పుస్తకాల్లో ఇదే పురుగు రూబిజినోసా అని, గ్రాండిస్ అని ఉంటుంది. హెస్పెరా పేరు 1990 నుంచి వచ్చింది. మూడూ వేర్వేరు జాతులనుకుని జాబితాలో మూడు వరసలు వేసినవాళ్ళు ఉన్నారు, జాగ్రత్త.

ఇంగ్లండులో పెద్దది టిపులా మాక్సిమా. పోడా 1761లో పేరు పెట్టాడు. విస్తారం 65 మి.మీ. దాకా, రెక్కల మీద గోధుమరంగు మచ్చలు దేశపటంలా పరుచుకుని ఉంటాయి. ఏప్రిల్ నుంచి ఆగస్టు వరకు తడి అడవుల్లో కనిపిస్తుంది.

మికాడోకు పేరు పెట్టింది వెస్ట్‌వుడ్, 1876లో. మికాడో అంటే జపాన్ చక్రవర్తి. జపాన్‌లో క్రేన్‌ఫ్లైని గగన్బో అంటారు, రాతలో "పెద్ద దోమ" అనే అర్థమిచ్చే రెండు అక్షరాలు వాడతారు. దోమ పోలిక వాట్సాప్‌లో పుట్టింది కాదు, చాలా పాతది.

రెల్లుపొద:
అన్ని కొలతల్లో రెక్కనే ఎందుకు పట్టుకుంటారు? ఒంటి పొడుగు చెబితే సరిపోదా? మిగతా కీటకాలకు అదే కదా చెబుతాం.

కొలబద్ద:
క్రేన్‌ఫ్లైలో ఒంటి పొడుగు నిలకడ లేని కొలత. ఆడదాని పొట్ట గుడ్లతో నిండి ఉంటే సాగుతుంది, పెట్టేశాక కుంచించుకుపోతుంది. పురుగు ఎండితే పొట్ట ముడతలు పడి పొట్టిదవుతుంది. ఆల్కహాల్‌లో వేస్తే ఉబ్బొచ్చు. ఒకే పురుగును బతికున్నప్పుడు, ఎండాక కొలిస్తే రెండు అంకెలు వస్తాయి. రెక్క పొర ఎండినా సాగదు, కుంచించదు. అందుకే జాతి వర్ణనల్లో ఒంటి పొడుగుతో పాటు రెక్క పొడుగు విడిగా రాస్తారు.

గమనించండి, రెక్క "పొడుగు" అంటున్నాను, "విస్తారం" కాదు. విస్తారం రెక్కను ఎంత కోణంలో పరిచారన్న దాన్నిబట్టి మారుతుంది. ఒంటికి అడ్డంగా, సరిగ్గా లంబంగా పరిస్తే పూర్తి కొలత. రెండు రెక్కలూ 20 డిగ్రీలు వెనక్కి వాలితే దాదాపు 6 శాతం తగ్గుతుంది. 11.15 కాస్తా 10.5 అవుతుంది.

కాళ్ళ విస్తారం ఇంకా దారుణం. ప్రతి కాలికీ మోకాలు ఉంది. దాన్ని పూర్తిగా చాపకుండా 120 డిగ్రీల దగ్గర వదిలేస్తే ఆ కాలి దూరం 13 శాతం పడిపోతుంది. 25.8 అన్నది 22.3 అయిపోతుంది. బతికున్న పురుగు ఏనాడూ కాళ్ళను అలా తిన్నగా చాపి కూర్చోదు. రికార్డు కోసం అట్టకు పరిచినప్పుడే ఆ అంకె వస్తుంది. రెండు జాతులను పోల్చడానికి నేనైతే కాళ్ళ విస్తారాన్ని అసలు వాడను. కాళ్ళ పొడుగు కావాలంటే ఫీమర్ (తొడ), టిబియా (పిక్క), టార్సస్ (పాదం) మూడింటినీ విడివిడిగా కొలిచి కూడాలి. టార్సస్‌లో ఐదు ఖండాలుంటాయి, ఎండిన నమూనాలో చివరి ఒకటి రెండు విరిగి పోయి ఉంటే ఆ సంగతి రాయాలి.

ఫొటో చూసి కొలిచేవాళ్ళకు ఒక మాట. పురుగూ స్కేలూ ఒకే ఎత్తులో ఉండాలి. కెమెరాకు స్కేలు 20 సెం.మీ. దూరంలో, పురుగు 18 సెం.మీ. దూరంలో ఉంటే, పురుగు 11 శాతం పెద్దదిగా పడుతుంది. అరచేతిలో పెట్టి కెమెరా వైపు చెయ్యి చాపిన ఫొటోలన్నిటిలో జరిగేది ఇదే.

రెల్లుపొద:
అర్థమైంది. రెక్క పొడుగు ఎక్కడి నుంచి ఎక్కడికి?

కొలబద్ద:
రెక్క వక్షానికి అతుక్కునే మొదలు నుంచి కొస దాకా, తిన్నగా. వంపు వెంట టేపు పెట్టకూడదు. 0.1 మి.మీ. చదవగలిగే వెర్నియర్ కాలిపర్ చాలు, కానీ దవడలు రెక్కను తాకకుండా పైనుంచి చూసి చదవాలి. తాకితే అంచు చీలుతుంది.

వాగుగట్టు:
పెద్ద పురుగు చుట్టూ ఇంత మాట్లాడాం, దాన్ని అంత పెద్దది చేసింది లార్వా దశే. రెక్కలొచ్చాక ఇవి పెరగవు, కొన్నాళ్ళే బతుకుతాయి. తింటే కాస్త పూలతేనె, లేకపోతే నీటి బొట్టు, అంతే. కండంతా లార్వాగా ఉన్నప్పుడు పట్టాల్సిందే.

హెస్పెరా లార్వాలు వాగుల్లో, ఒడ్డున పేరుకున్న కుళ్ళిన ఆకుల గుట్టల్లో ఉంటాయి. తీగలా సన్నగా కాదు, వేలి ముక్కలా లావుగా, 5 సెం.మీ. దాటుతాయి. తల కనిపించదు, వక్షంలోకి లాక్కుంటుంది. తలనుకుని చాలామంది చూసేది తోకను. తోక చివర గుండ్రటి పళ్ళెం, మధ్యలో రెండు నల్లటి శ్వాసరంధ్రాలు కళ్ళలా ఉంటాయి. చుట్టూ ఆరు వేళ్ళలాంటి తమ్మెలు. టిపులిడే లార్వాకు ఈ ఆరు తమ్మెలే పెద్ద గుర్తు. ఈ పళ్ళేన్ని నీటి మట్టానికి ఎత్తి గాలి పీలుస్తాయి.

ఎండుటాకు తిని అంత ఒళ్ళు పెంచడం తేలిక కాదు. ఆకులో మాంసకృత్తులు టానిన్లు అనే వగరు పదార్థాలతో బిగుసుకుని ఉంటాయి. అమెరికా తూర్పు వాగుల్లోని టిపులా అబ్డామినాలిస్ అనే పెద్ద జాతి లార్వాలో నడిపేగు క్షారత పిహెచ్ 11 దాకా వెళ్తుంది. ఆ క్షారంలో టానిన్ల పట్టు సడలి మాంసకృత్తులు విడివడతాయి. వెనక పేగులో సూక్ష్మజీవులు మిగతా నారను పులియబెడతాయి. ఆకు మీద బూజు, బాక్టీరియా పట్టాకే వీటికి రుచి. వాగులో అప్పుడే రాలిన పచ్చి ఆకుల కింద వెతికితే దొరకవు. నల్లబడి, చేతిలో మెత్తగా చిదిమేలా ఉన్న గుట్టలను తీయండి.

మన తూర్పు కనుమల్లో, అరకు వైపైనా మారేడుమిల్లి వైపైనా, ఏడాదంతా తడి ఆరని వాగు ఒడ్లలో టిపులిడే లార్వాల కోసం ఇలాగే చూడాలి. తెల్లటి ప్లాస్టిక్ ట్రేలో గుప్పెడు ఆకులు, వేలెడు నీళ్ళు పోసి ఐదు నిమిషాలు కదపకుండా ఉంచితే అవే పాకుతాయి. హోలోరూసియా ప్రజాతి భారతదేశంలోనూ ఉంది. పాత భారతీయ వర్ణనల్లో టెనాక్రోసెలిస్ అన్న పేరుతో వెతకాలి. లార్వా చూసి మాత్రం జాతి పేరు రాయవద్దు. కుటుంబం దగ్గర ఆగిపోండి.

మైదానంపచ్చిక:
లార్వా అంటే లెదర్‌జాకెట్లు కదా? ఇంగ్లండులో క్రికెట్ పిచ్‌లను తినేసేవి ఇవేనా?

వాగుగట్టు:
లెదర్‌జాకెట్లు వీటి చుట్టాలు, ఈ పెద్ద జాతులు కాదు. పచ్చికను పాడుచేసేవి టిపులా పాలుడోసా, టిపులా ఒలెరేసియా అనే మధ్యరకం జాతులు. గడ్డి వేళ్ళు, మొదళ్ళు కొరికేస్తాయి. 1935లో లార్డ్స్ మైదానంలో బట్టతలలా పచ్చిక ఊడిపోయింది వీటి వల్లే. ఆ ఏడాది అక్కడ దక్షిణాఫ్రికా గెలిచింది, ఇంగ్లండు గడ్డ మీద వాళ్ళ మొదటి టెస్టు విజయం అదే. స్పిన్నర్ బలాస్కస్ తొమ్మిది వికెట్లు తీశాడు. మికాడో, హెస్పెరా, మాక్సిమా లార్వాలకు తడి ఆకు, బురద కావాలి. పచ్చిక బయలులో బతకవు. ఇంటి ముందు గడ్డి చనిపోతోందని వీటి మీద మందు కొట్టడం అనవసరం.

మబ్బుకొండ:
ఆడదాని తోక సూదిలా ఉంటుంది, కుడుతుందేమోనని పిల్లలు భయపడతారు. చార్టులో అది కూడా వేయండి. అది అండనిక్షేపకం. తడి మట్టిలో గుచ్చి గుడ్లు పెట్టడానికి. మనిషి చర్మంలో దిగదు, విషం లేదు. మగదానికి పొట్ట చివర గదలా ఉబ్బి ఉంటుంది. ఆడ మగ తేడా దూరం నుంచే తెలిసిపోయే పురుగుల్లో ఇదొకటి.

కాగితంపొట్లం:
నమూనా దాచే విషయం ఎవరూ ఎత్తలేదు. క్రేన్‌ఫ్లై అంటే ముందు కాళ్ళ బాధ. ఫీమర్‌కూ, దానికి ముందుండే చిన్న ఖండం ట్రోకాంటర్‌కూ మధ్య కీలు దగ్గర కాలు తెగేలా నిర్మాణమే ఉంది. పిట్ట దాని కాలు పట్టుకుంటే పురుగు ఆ కాలు వదిలేసి ఎగిరిపోతుంది. ఎదిగిన పురుగుకు నిర్మోచనం (పాత చర్మం విడవడం) ఉండదు కాబట్టి ఆ కాలు మళ్ళీ రాదు. వలలో పెనుగులాడినా, కిల్లింగ్ జాడీలో (పురుగులను చంపే సీసాలో) మరో నాలుగింటితో కలిపి వేసినా ఇదే జరుగుతుంది.

పట్టుకునేటప్పుడు కాలు ముట్టకండి. రెండు రెక్కలనూ వీపు మీదికి చేర్చి, మొదలు దగ్గర వేళ్ళతో పట్టాలి. ఒక్కోదాన్ని విడి కాగితపు పొట్లంలో పెట్టండి. దీర్ఘచతురస్రపు బటర్ పేపరును త్రికోణంగా మడిచి అంచులు తిప్పితే చాలు. ఫ్రీజర్‌లో ఒక రోజంతా ఉంచాలి. గంటలో తీస్తే మళ్ళీ కదులుతుంది, కాళ్ళు అప్పుడే ఊడతాయి. పొట్లం మీద పురుగు పెట్టకముందే పెన్సిలుతో ఊరు, తేదీ, సముద్రమట్టం నుంచి ఎత్తు, దీపానికి వచ్చిందా వలకు దొరికిందా అన్నది రాయండి. పెట్టాక రాస్తే పెన్సిలు ఒత్తిడికి వక్షం నలుగుతుంది. ఊడిన కాలు అదే పొట్లంలో ఉండాలి, వేరే దానిలో కలిస్తే తర్వాత అతికించేవాడు తప్పు పురుగుకు అతికిస్తాడు.

నిలువు సూదితో వక్షం నడిమధ్యన గుచ్చవద్దు. వి గాడి పాడవుతుంది, గుర్తింపుకు కావలసింది అదే. త్రికోణపు అట్టముక్క కొసకు జిగురు రాసి, వక్షం కుడి పక్కన అతికించి, సూది అట్టముక్కకు గుచ్చాలి. మికాడో అంత పెద్దదానికి పొట్ట కింద ఇంకో అట్ట ఆసరా ఇవ్వాలి, లేకపోతే బరువుకు వేలాడి అలాగే ఎండిపోతుంది.

వానాకాలంలో మన దగ్గర బూజు పెద్ద శత్రువు. డబ్బా మూసేముందు మూడు నాలుగు రోజులు నీడన ఆరనిచ్చి, సిలికా జెల్ సంచి వేయండి. నాఫ్తలీన్ గోళీలు పురుగు పట్టకుండా ఆపుతాయి, బూజును ఆపవు.

లార్వాను బతికుండగా తిన్నగా ఆల్కహాల్‌లో వేస్తే నల్లబడి ముడుచుకుపోతుంది. మరిగి దించిన వేడి నీళ్ళలో అర నిమిషం ఉంచి, నిటారుగా సాగాక 70 శాతం ఆల్కహాల్‌లోకి మార్చండి. ఒక రోజు తర్వాత ఆల్కహాల్ మార్చాలి, ఒంట్లోని నీరు కలిసి పలచబడుతుంది.

అడవి శాఖ అనుమతి లేకుండా రిజర్వు అడవుల్లో, అభయారణ్యాల్లో పట్టడం కుదరదు. 2002 నాటి జీవవైవిధ్య చట్టం ప్రకారం నమూనాలు విదేశాలకు పంపడానికీ అనుమతి కావాలి. పరిశోధకుడు అడిగాడు కదా అని పోస్టులో వేయకండి.

రెల్లుపొద:
జాతి ఖాయం చేయాలంటే మగదాని పొట్ట చివర విప్పాలంటారు. కాస్టిక్ పొటాష్ ఎంతసేపు?

కాగితంపొట్లం:
అవును. చివరి మూడు ఖండాలు కత్తిరించి 10 శాతం పొటాషియం హైడ్రాక్సైడ్‌లో (కాస్టిక్ పొటాష్ అంటే ఇదే) వేయండి. గది వేడిలో రాత్రంతా ఉంచడం నాకు నచ్చిన పద్ధతి. తొందరైతే గోరువెచ్చగా పది నిమిషాలు, మరగనివ్వకూడదు. మరిగితే పొరలు బుడగలా ఉబ్బి, పొట్ట చివరి కొక్కేల రంగు పోయి గాజులా అయిపోతాయి, అంచులు తెలియవు. తక్కువైతే కొవ్వు తెల్లగా అడ్డుపడుతుంది. తర్వాత నీళ్ళలో రెండుసార్లు కడిగి, పలచని ఎసిటిక్ ఆమ్లంలో కొద్ది నిమిషాలుంచి, గ్లిజరిన్‌లో పెట్టి చూడండి. చూశాక గ్లిజరిన్ నింపిన చిన్న గొట్టంలో అదే సూదికి గుచ్చాలి, విడిగా దాస్తే ఏ పురుగుదో తెలియకుండా పోతుంది. ద్రావణం చర్మాన్ని కాలుస్తుంది, చేతి తొడుగులు, కళ్ళజోడు ఉండాల్సిందే. పిల్లల చేత చేయించవద్దు.

తడిఆకు:
ఒకే ఒక్క ప్రశ్న మిగిలింది. ఇవి దోమలను తింటాయని చాలాచోట్ల ఉంది. చార్టులో రాయొచ్చా?

జంటరెక్క:
రాయకండి, నిజం కాదు. అమెరికాలో వీటికి "మస్కిటో హాక్" అన్న వాడుక పేరుంది, ఆ పేరు నుంచి పుట్టిన నమ్మకం. ఎగిరే పురుగును పట్టే నోరు దీనికి లేదు.

దోమల్లోనే పెద్దది కావాలంటే పక్కన టాక్సోరింకైటిస్ బొమ్మ వేయండి. ఏనుగు దోమ అంటారు. తొండం కిందికి కొక్కెంలా వంగి ఉంటుంది, మనిషి రక్తం తాగదు, లార్వాలు ఇతర దోమల లార్వాలను తింటాయి. వాటిలో స్ప్లెండెన్స్ జాతి మన దేశంలో ఉంది. చార్టులో మికాడో, ఏనుగు దోమ, మామూలు దోమ మూడింటినీ ఒకే స్కేలులో గీయిస్తే, ఏది ఎందుకు దోమో, ఏది కాదో పిల్లలే ఈనెలు చూసి చెబుతారు.

కొలబద్ద:
బొమ్మ గీసేటప్పుడు మికాడోను 8 సెం.మీ. విస్తారంతో అసలు సైజులోనే వేయండి, చార్టులో చోటు సరిపోతుంది. రెక్కలను ఒంటికి లంబంగా పరిచినట్టు గీయండి. కాళ్ళు మాత్రం మోకాళ్ళ దగ్గర వంచి, పురుగు గోడ మీద వాలినట్టు వేయండి.